నేను చేసిన లైటు

కొన్న వస్తువంటే రాధాకృష్ణకి గౌరవం లేదు. దాన్ని ఎవడో ఎక్కడో తనకంటే తక్కువ శ్రద్ధతో చేసి ఉంటాడని ఆయన నమ్మకం. ఆష్‌బర్న్‌లో వాళ్ల టౌన్‌హౌస్‌లో ఆయన చెయ్యి పడని స్విచ్చు లేదు, విప్పి మళ్లీ బిగించని కుళాయి లేదు. బిగించాక ఒకటో రెండో స్క్రూలు మిగిలిపోతుంటాయి. అవి అసలు అక్కర్లేనివని, కంపెనీవాడు తెలివితక్కువగా పెట్టాడని చెబుతాడు. పగలంతా డేటా సెంటర్లో సర్వర్లు వేడెక్కకుండా చూడటం ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక ఇంట్లో ఏది వేడెక్కుతోందా అని వెతుక్కుంటాడు.

ఆ వసంతకాలంలో ఆయనకి దొరికింది వర్ష అక్వేరియం మీదున్న లైటు.

వర్ష ఆయన ఒక్కతే కూతురు, నైన్త్ గ్రేడ్. స్కూల్లో బయాలజీ టీచరు ఊరు మారుతూ ఆ అక్వేరియాన్ని ఈ పిల్లకి ఇచ్చి వెళ్లింది. పెద్దదేం కాదు, మైక్రోవేవ్ ఓవెన్ అంత ఉంటుంది. అందులో ఉప్పునీళ్లు, ఇసక, రెండు రాళ్లు, రాళ్లని పట్టుకుని బతికే పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయేనని అనుకునే తల్లి సుమతికి, అది ప్రాణమున్న జీవమని, వెలుతురే దానికి తిండని వర్ష చాలాసార్లు చెప్పాల్సొచ్చింది. ఉన్నవాటిలో వర్షకి బాగా ఇష్టం హ్యామర్ కోరల్ అనే పగడం. లేత ఆకుపచ్చ వేళ్లు చాపి, ఒక్కో వేలి చివరా చిన్న సుత్తి పెట్టుకుని, నీళ్ల కదలికకి ఊగుతూ ఉంటుంది. ఇవి కాక ఒక నారింజరంగు చేప, కొన్ని నత్తలు, ఒళ్లంతా ఎర్రచారలున్న రొయ్య ఒకటి. రొయ్య పేరు పెప్పర్.

"మా నెల్లూర్లో రొయ్యల్ని చెరువుల కొద్దీ పెంచుతారు గానీ ఎవరూ పేర్లు పెట్టరే" అంది సుమతి. "పైగా పెప్పరట. అది వండేటప్పుడు వేసేది."

"అమ్మా, అది వింటుంది" అంది వర్ష.

పాత లైటు ట్యూబులది. అది వెలిగితే నీళ్లు గోరువెచ్చగా అవుతున్నాయని రాధాకృష్ణ కనిపెట్టాడు. కనిపెట్టాక ఊరుకుంటే ఆయన రాధాకృష్ణే కాడు. ఎల్‌ఈడీ లైటు చేస్తానన్నాడు. షాపుల్లో ఎల్‌ఈడీ లైట్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటి ఫొటోలు చూసి "ఇదొక లైటా" అని పెదవి విరిచాడు.

శనివారం పొద్దున్నే గరాజ్‌లోంచి కారు బయటికి తీసి, బల్ల వేసి, దానిమీద పాత దుప్పటి పరిచాడు. రెక్కలు రెక్కలుగా ఉన్న అల్యూమినియం దిమ్మని మధ్యలో పెట్టాడు. ఎల్‌ఈడీ పుట్టించే వేడినంతా పీల్చుకోవాల్సింది అదే. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు స్కేలుతో కొలిచి పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఒక్కోచోటా డ్రిల్లుతో కన్నం చేశాడు. అల్యూమినియం పొట్టు దుప్పటి మీద మెరుస్తూ రాలింది. ఒక్కో ఎల్‌ఈడీ అడుగున, వేడిని దిమ్మకి అందించే తెల్లటి పేస్టు పల్చగా రాసి, తెలుపొకటి నీలమొకటి చొప్పున స్క్రూలతో బిగించాడు. అంతవరకూ ఆయన పని శుభ్రంగానే ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి.

తర్వాత ఒక ఎల్‌ఈడీని ఇంకోదానికి వైరుతో కలుపుతూ టంకం వేయాలి. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మళ్లీ కిందికి దించి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాడు. మొదటి టంకం బొబ్బలా లేచింది. రెండోది కాసేపు నిలబడి ఊడిపోయింది.

వర్ష పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తోంది. "నాన్నా, నువ్వు సోల్డర్‌ని హీట్ చేస్తున్నావ్. ముందు వైర్‌ని హీట్ చెయ్యాలి. అప్పుడు సోల్డర్ దానంతటదే కరుగుతుంది."

"ఎవరు చెప్పారు?"

"రోబోటిక్స్ క్లబ్‌లో నేర్పించారు."

"ఏదీ, నీ రోబోటిక్స్ ఏపాటిదో చూద్దాం" అని ఐరన్ ఆ పిల్ల చేతికిచ్చాడు.

వర్ష జుట్టు వెనక్కి కట్టుకుని, ఐరన్ మొనని తడి స్పాంజి మీద తుడిచింది. వైరు కింద మొన ఆనించి కాసేపు ఆగింది. అవతలి వైపు నుంచి సోల్డర్ తాకించింది. అది కరిగి, వైరు చుట్టూ పాకి, మెరిసి, గట్టిపడింది. ఆ పిల్ల ఊపిరి వదిలి రెండోదానికి వెళ్లింది. రాధాకృష్ణ దగ్గరికి వంగి చూశాడు. వంక పెట్టడానికేం కనపడలేదు. సాయంత్రానికల్లా టంకాలన్నీ వర్షే వేసింది. పైన పెట్టే ఫ్యాన్‌కి మాత్రం ఆయన వేశాడు. ఆఫీసులో పారేసిన సర్వర్‌లోది తెచ్చిన ఫ్యాన్ అది. దాని మీద హక్కు వదులుకోవడం ఆయనకి ఇష్టంలేకపోయింది.

వెలుగు తగ్గించడానికీ పెంచడానికీ పక్కన ఒక నాబ్ పెట్టారు. అక్వేరియం మీద లైటు వేలాడదీసి వర్ష స్విచ్చు వేసింది. సన్నటి నీలపు వెలుగు నీళ్లలోంచి ఇసకదాకా దిగి, అలల నీడలు రాళ్లమీద పాకాయి. హ్యామర్ కోరల్ అంచులు లోపల దీపం పెట్టినట్టు ఆకుపచ్చగా వెలిగాయి. సుమతి కూడా గరిటె చేత్తో పట్టుకునే వచ్చి నిలబడిపోయింది.

రాధాకృష్ణ ఫోన్ తీసి జగదీష్‌కి కలిపాడు. ఇద్దరిదీ ఒకే డేటా సెంటర్, రెండు వీధుల అవతలే ఇల్లు. "జగదీష్, నేనొక లైటు చేశాను. నువ్వు చూసి తీరాలి. ఇంకో రెండు వారాలకి, ఆదివారం, మీరంతా భోజనానికి మా ఇంటికే."

నేనొక లైటు చేశాను అన్నప్పుడు వర్ష తండ్రివైపు ఒకసారి చూసింది. మళ్లీ అక్వేరియంవైపు తిరిగింది. ఆ పిల్లకి ఆ సాయంత్రం దేనిమీదా కోపం రాలేదు.

కొత్త లైటుతో ఒక కొత్త పని కూడా వచ్చిపడింది. ఫ్యాన్ గాలి నేరుగా నీళ్లమీదికి కొడుతోంది. దాంతో నీళ్లు మునుపటికంటే త్వరగా ఆవిరై, పొద్దున్నకల్లా మట్టం దిగిపోతోంది. నీళ్లే ఆవిరవుతాయి గానీ ఉప్పు కాదు కదా, అందుకని తగ్గినమేరకి రోజూ మంచినీళ్లు పోస్తుండాలి. అంతకుముందు వారానికి రెండుమూడుసార్లు వర్షే ప్లాస్టిక్ జగ్గుతో పోసేది. రోజూ అంటే స్కూలు బస్సు హడావిడిలో ఆ పిల్లకి కుదరదు.

"నేను చూసుకుంటాలే" అన్నాడు రాధాకృష్ణ.

ఆయనకి పొద్దున లేవగానే రాగిచెంబులో నీళ్లు తాగే అలవాటు. పడుకునే ముందు వంటింటి ఫిల్టరు నీళ్లు చెంబునిండా పట్టి, మూతపెట్టి, ఉదయం పరగడుపున తాగుతాడు. ఆరోగ్యం గురించి ఎవరు మాట ఎత్తినా ఆ చెంబు గురించి చెప్పకుండా వదలడు. తాగగా మిగిలిన నీళ్లు ఇంతకుముందు సింకులో పారబోసేవాడు. ఇప్పుడు తిన్నగా వెళ్లి అక్వేరియంలో పోస్తున్నాడు. ఫిల్టర్ నీళ్లు, పైగా రాగి చెంబులోవి, వృథా పోవట్లేదని ఆయనకి తృప్తిగా ఉండేది.

వారం తిరక్కముందే హ్యామర్ కోరల్ వేళ్లు ముడుచుకోవడం మొదలైంది. మొదట మధ్యాహ్నాలు మాత్రమే. తర్వాత స్కూలు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టేసరికి వర్షకి అది పూర్తిగా మూసుకునే కనపడేది. నత్త ఒకటి గాజు మీదనుంచి జారి ఇసకలో వెల్లకిలా పడింది. వర్ష దాన్ని తిరగేసి పెట్టింది. మర్నాటికి అది మళ్లీ అలాగే ఉంది.

వర్ష లైటు నాబ్‌ని సగానికి తగ్గించింది.

సాయంత్రం రాధాకృష్ణ వచ్చి షూ విప్పకుండానే కనిపెట్టాడు. "ఎవరు తిప్పారు దీన్ని?"

"నేను" అంది వర్ష. "కోరల్ క్లోజ్ అయిపోయింది నాన్నా. వెలుతురు ఎక్కువై హర్ట్ అవుతుందేమో అని తగ్గించాను."

"వెలుతురే దానికి తిండని చెప్పింది నువ్వే. తిండి తగ్గిస్తే బాగుపడుతుందా? ఒకసారి పెంచి ఒకసారి తగ్గిస్తుంటే అది ముడుచుకోక ఏం చేస్తుంది?"

"నేను తగ్గించకముందే క్లోజ్ అయింది."

"నేను లెక్కవేసి సెట్ చేశానమ్మా. లెక్క వేసినదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

వెలుగు మళ్లీ ముందున్నంతకి పెంచాడు. నాబ్ మీది ప్లాస్టిక్ టోపీని లాగి, ఊడదీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. మిగిలిన సన్నటి ఇనప కాడని వేళ్లతో తిప్పడం కుదరదు. వర్ష ఆ జేబు వంక చూసి, హోంవర్క్‌కి పైకెళ్లిపోయింది.

ఆ శనివారం జగదీష్ వాళ్లింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. బల్లమీద పులిహోర, గుత్తొంకాయ, ఎవరో తెచ్చిన పాస్తా. అల్యూమినియం ట్రేల మూతలు తీస్తున్నారు ఆడవాళ్లు. మగవాళ్లు పేపరు ప్లేట్లు పట్టుకుని వీసా కబుర్లు చెప్పుకుంటున్నారు. చిన్నపిల్లలు బేస్‌మెంట్‌లో ఉన్నారు. వర్ష ఆ గుంపుకి పెద్దది, ఈ గుంపుకి చిన్నది. అన్నం పెట్టించుకుని గోడవారగా నిలబడి తింటోంది.

"ఏంది అన్నా, నీ లైటు ఎట్లుంది?" అన్నాడు జగదీష్.

"లైటుకేం, బ్రహ్మాండంగా ఉంది. లోపలున్నవే డల్ అయిపోయాయి" అన్నాడు రాధాకృష్ణ. ఆయన గొంతు గదినిండా వినపడే గొంతు. "మా అమ్మాయి చెయ్యి పెట్టిందయ్యా. నేను లెక్కవేసి పెట్టిన నాబ్‌ని తిప్పేసింది. ఇంకేముంది, కోరల్ కాస్తా ముడుచుక్కూర్చుంది. ఇప్పుడు నాబ్ నా దగ్గరే పెట్టుకున్నా, చూడు."

జేబులోంచి నాబ్ తీసి అందరికీ చూపించాడు. అందరూ నవ్వారు. కొంటె నవ్వు కూడా కాదు, పిల్లల సంగతి ఎవరింట్లో అయినా ఇంతే కదా అన్న మామూలు నవ్వు. జగదీష్ భార్య శాంతి మాత్రం, "పోన్లెండి పాపం, చిన్నపిల్ల. పోనీలే వర్షా, నెక్స్ట్ టైమ్ ముట్టుకోకు" అంది.

"ఓకే ఆంటీ" అంది వర్ష. ప్లేటు చెత్తబుట్టలో వేసి, సుమతి దగ్గర కారు తాళం అడిగి తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ప్లేట్లో పులిహోర అంతా అలాగే ఉంది. ఆ పిల్ల పులిహోర వదిలేయడం సుమతి అంతకుముందు చూడలేదు.

ఇంటికొచ్చాక, వర్ష పైకెళ్లి తలుపేసుకున్నాక సుమతి అంది. "లైటు బాగున్నన్నాళ్లూ మీది. ఏదో తేడా వచ్చేసరికి దానిది. బాగుందండీ మీ న్యాయం."

"నేనేం అబద్ధం చెప్పలేదు. తిప్పిందా లేదా?"

"టంకాలన్నీ అది వేసిందని చెప్పారా మరి అక్కడ?"

రాధాకృష్ణ రిమోట్ అందుకున్నాడు. టీవీ పెట్టాడు.

సోమవారానికి పెప్పర్ కదలడం మానేసింది. రాయి కింద పక్కకి ఒరిగి పడి ఉంటే వర్ష చిన్న వలతో పైకి తీసింది. ఏడవలేదు. ఏం చెయ్యాలో తెలియక ఆ వల అలా పట్టుకునే నిలబడింది. బాత్‌రూమ్‌లో వేసి ఫ్లష్ చెయ్యమని రాధాకృష్ణ అనబోతుండగా సుమతి వచ్చి ఆ వల అందుకుంది. చెంచాతో పెరట్లో పుదీనా మొక్కల పక్కన గుంట తీసి, పాతిపెట్టి, చేతులు కడుక్కుని లోపలికొచ్చింది.

"చేప మాత్రం బానే తిరుగుతోందే" అంది, అక్వేరియంలోకి వంగి చూస్తూ.

ఆ మాటతో రాధాకృష్ణకి ఉత్సాహమొచ్చింది. లైటుకే గనక ఏదైనా దోషముంటే చేపకి కూడా తెలియాలి కదా అనుకున్నాడు. అంటే లైటులో తప్పు లేదు. అదొక్కటీ నిరూపిస్తే చాలు. కడిగిన పచ్చడి సీసా ఒకదానిలో అక్వేరియం నీళ్లు నింపి, పక్క ఊరు స్టెర్లింగ్‌లో పెంపుడు చేపల షాపుకి తీసుకెళ్లాడు.

షాపతను రిక్, లావాటి మనిషి, సీసా మూత తీసి వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇందులో ఇంతకుముందు ఏముండేది?"

"మ్యాంగో పికిల్. బాగా కడిగాను."

రిక్ ఆ నీళ్లు చిన్న గాజు గొట్టాల్లో పోసి ఒక్కోదానిలో ఒక్కో మందు చుక్కలు వేశాడు. ఉప్పు సరిగ్గానే ఉందన్నాడు. ఇంకో గొట్టం చూసి అదీ బానే ఉందన్నాడు. రాధాకృష్ణ వెంటనే తన లైటు గురించి చెప్పబోయాడు. రిక్ వినకుండా, చచ్చినవేమిటి, బతికినవేమిటి అని అడిగాడు. నత్తలూ రొయ్యా పోయాయి, చేప బానే ఉందని చెబితే, లోపలికెళ్లి ఇంకో మందు సీసా తెచ్చాడు. ఈసారి గొట్టంలో నీళ్లు రంగు మారాయి.

"కాపర్" అన్నాడు రిక్. "ఇంత కొంచెం ఉన్నా చేప ఓర్చుకుంటుంది. నత్తలు, రొయ్యలు, కోరల్స్ ఓర్చుకోలేవు. ఎక్కడినుంచో రాగి వస్తోంది మీ ట్యాంకులోకి. ఎవరైనా పెన్నీ, ఆ రాగిపూత నాణెం, పడేశారేమో చూసుకోండి. చేపల మందేమైనా వేశారా?"

"లేదు. మరి లైటు? మా అమ్మాయి తగ్గించింది దాన్ని."

"మంచి పని చేసింది. జబ్బుపడిన కోరల్ మీద అంత వెలుతురు వేస్తే ఇంకా త్వరగా పోతుంది. తగ్గించే ఉంచండి."

నేను మళ్లీ పెంచానని రాధాకృష్ణ అతనికి చెప్పలేదు. రాగిని పీల్చేస్తుందన్న ఫిల్టర్ ముక్కా, ఉప్పు సంచీ కొనుక్కుని కారెక్కాడు. దారంతా పెన్నీ గురించే ఆలోచించాడు. పెన్నీ అయితే సరిపోతుంది. పెన్నీ అంటే పిల్లల పనే అవుతుంది.

ఇంటికి రాగానే జేబులోంచి నాబ్ తీసి కాడకి తగిలించి, వెలుగు తగ్గించాడు. తర్వాత వర్షని పిలిచాడు. "నువ్వు గానీ నీ ఫ్రెండ్స్ గానీ ఇందులో పెన్నీ ఏమైనా వేశారా?"

వర్ష మెట్లమీదే ఆగిపోయింది. "లేదు నాన్నా."

"సరదాకి? కోరిక కోరుకుని విషింగ్ వెల్‌లో వేస్తారు చూడు, అలాగ."

"వేస్తే చెప్తాను కదా. నాబ్ తిప్పినప్పుడు చెప్పాను కదా నీకు." ఆ పిల్ల గొంతు పెంచకుండానే అంది. "చెప్పినందుకే కదా నువ్వందరికీ చెప్పావ్."

వెనక్కి తిరిగి పైకెళ్లిపోయింది. రాధాకృష్ణ చొక్కా చేతులు పైకి మడిచి, అక్వేరియంలో మోచేతిదాకా చెయ్యిపెట్టి ఇసకంతా వేళ్లతో గాలించాడు. పెన్నీ లేదు. ఖాళీ నత్తగుల్లలు దొరికాయి.

ఇక మిగిలింది లైటే. వైరులోపలుండేది రాగే. నీళ్ల తుంపర లేచి ఏదైనా టంకం దగ్గర వైరుని తినేసి, చుక్కలుగా కిందికి కారుతుండొచ్చు. అలాగైతే అది వర్ష వేసిన టంకమే అవుతుంది. ఈ ఊహకి ఆయన సిగ్గుపడలేదు, గబగబా లైటు దించాడు. డైనింగ్ టేబుల్ మీద బోర్లా పెట్టి, దాని కింది రేకు విప్పి, టేబుల్ ల్యాంప్ దగ్గరికి లాక్కుని, భూతద్దంతో మొదటినుంచి చూసుకుంటూ వచ్చాడు. రాగి తడిస్తే పచ్చగా చిలుమెక్కుతుంది. ఎక్కడా పచ్చదనం లేదు. ఒక్కో టంకమూ నున్నగా, వెండిపూసలా మెరుస్తూ ఉంది. వైరు బయటికి కనపడేచోటల్లా నల్లటి తొడుగు వేసి, వేడిచేసి, బిగుతుగా అంటించి ఉంది. ఇంత పని ఈ పిల్ల ఎప్పుడు చేసిందా అనుకున్నాడు. పక్కనే కూర్చుని కూడా ఆయన చూడలేదు. ఫ్యాన్ దగ్గర ఆయన వేసిన టంకమొక్కటే బొబ్బలా ఉంది. అయితే అది కూడా పొడిగానే ఉంది.

లైటు నిర్దోషి అని తేలింది. ఆ ముక్క తేలాక వచ్చిపడాల్సిన సంతోషం మాత్రం ఆయనకి రాలేదు. కూతురు వేసిన టంకాల్ని భూతద్దంతో వెతికానని అప్పుడు తోచి మనసు చివుక్కుమంది. రేకు బిగించి, లైటు మళ్లీ వేలాడదీశాడు.

మర్నాడు ఉదయం లేచి రోజూలాగే చెంబు మూత తీసి, నీళ్లు తాగి, మిగిలినవి పట్టుకుని అక్వేరియం దగ్గరికి నడిచాడు. మట్టం దిగి ఉంది. చెంబు వంచాడు. ఒక ధార పడింది. కిటికీలోంచి వచ్చిన ఎండ చెంబు లోపలి అంచుమీద పడి ఎర్రగా మెరిసింది. ఆయన చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది.

చెంబుని మెల్లగా నిలబెట్టాడు. లోపలికి చూశాడు. లవణాలు తీసేసిన ఫిల్టరు నీళ్లు ఏ లోహాన్నైనా త్వరగా కరిగిస్తాయని ఆయనకి తెలుసు. ఆఫీసులో కూలింగ్ గొట్టాల గురించి కొత్తగా చేరినవాళ్లకి ఆ పాఠం ఆయనే చెబుతాడు. ఫ్యాన్ పెట్టిన దగ్గర్నుంచీ, రోజూ, స్వహస్తాలతో, తృప్తిగా పోశాడు.

ఇంకెవరిమీదికైనా నెట్టడానికి వీలుందేమోనని ఆయన బుర్ర ఒక్క క్షణం అలవాటుగా వెతికింది. ఆ చెంబు ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు. అది ఆయన నియమమే.

చెప్పకపోయినా గడిచిపోతుంది. నీళ్లు మార్చి, ఫిల్టర్ ముక్క వేస్తే కొన్నాళ్లకి అన్నీ తేరుకుంటాయి. ఎలా వచ్చిందో ఏమో, పోయింది అంటే సరిపోతుంది. కాఫీ కలుపుకున్నంతసేపూ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వంటింట్లోకొచ్చిన సుమతికి, ఆయన ఒక చేతిలో కాఫీ కప్పు, ఇంకో చేతిలో చెంబు పట్టుకుని నిలబడి కనిపించాడు.

"రాగి ఇందులోంచే వచ్చింది" అన్నాడు.

సుమతి చెంబు చూసింది, అక్వేరియం చూసింది. ఆవిడకి ఎక్కువసేపు పట్టలేదు. "నాకెందుకు చెప్పడం? చెప్పాల్సింది దానికి" అంది.

వర్ష సీరియల్ తింటోంది. రాధాకృష్ణ ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాడు. పొద్దునపూట ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి చిన్న గొంతుతోనే చెప్పాడు. కోప్పడుతుందనుకున్నాడు. వర్ష స్పూను కింద పడేసి అక్వేరియం దగ్గరికి పరిగెత్తింది.

"ఈరోజు కూడా పోశావా?"

"కొంచెం."

"వాటర్ చేంజ్ చెయ్యాలి నాన్నా. ఇప్పుడే."

బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ బకెట్లో ఉప్పు కలిపారు. వర్ష గొట్టం ఒక కొన నీళ్లలో ముంచి రెండో కొన పట్టుకుంది, ఆయన బకెట్లు మోశాడు. పాతనీళ్లు తోడి, కొత్తనీళ్లు పోసి, ఫిల్టర్ ముక్క పెట్టారు. వర్ష ఏం చెయ్యమంటే అది చేశాడు, తనంతట తాను ఒక్క సలహా ఇవ్వలేదు. పనయ్యాక స్కూలుకి కార్లో తీసుకెళ్లాడు.

స్కూలు ముందు కార్ల వరసలో ఆగినప్పుడు, రోడ్డువైపే చూస్తూ అన్నాడు. "సారీ రా వర్షా. నిన్ను అనవసరంగా అన్నాను."

వర్ష బ్యాగు ఒళ్లోకి తీసుకుంది.

"జగదీష్ అంకుల్ వాళ్లింట్లో లౌడ్‌గా చెప్పావు నాన్నా" అంది. "సారీ మాత్రం కార్లో చెప్తున్నావ్."

తలుపు తీసుకుని దిగి వెళ్లిపోయింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా రాధాకృష్ణ బండి కదపలేదు.

ఆదివారం జగదీష్ వాళ్లు వచ్చారు. వాళ్లతోబాటు పాట్‌లక్‌లో ఉన్న ఇంకో రెండు కుటుంబాలు కూడా. లైటు చూద్దురుగాని రండని ఆయన అందర్నీ పిలిచి ఉన్నాడు మరి. ఆ వారమంతా రోజు మార్చి రోజు వర్షా ఆయనా నీళ్లు మార్చారు. హ్యామర్ కోరల్‌లో ఒక కొమ్మ ఎముకలా తెల్లబడిపోయింది. మిగిలినవాటిలోంచి పొట్టి పొట్టి ఆకుపచ్చ వేళ్లు మళ్లీ బయటికి చూస్తున్నాయి. బతికిన నత్త ఒకటి గాజు మీద పాకుతోంది.

భోజనాలయ్యాక అందరూ అక్వేరియం చుట్టూ చేరారు. నీలపు వెలుగు చూసి జగదీష్ ఈల వేశాడు. "అన్నా, మస్తుగుంది. కొన్నదానికంటే మంచిగుంది. ఇగ దీంట్ల ఎవ్వర్నీ చెయ్యి పెట్టనియ్యకు."

కొందరు వర్షవైపు చూసి నవ్వారు. వర్ష సోఫా చివర కూర్చుని ఫోను చూసుకుంటోంది. తల ఎత్తలేదు.

రాధాకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "అసలేం జరిగిందంటే" అని మొదలుపెట్టి, రాగి నీళ్లలో ఎలా కరుగుతుందో, ఎంతలో కరుగుతుందో, నత్తలకి అదెందుకు పడదో చెప్పుకుంటూ పోయాడు. చేతులూపుతూ, గదినిండా వినపడేలా, అందరూ తలాడించేలా చెప్పాడు. "అలా రోజూ కొంచెం కొంచెం ట్యాంకులో రాగి చేరిపోయింది" అని ముగించాడు.

"ఎట్ల చేరింది?" అన్నాడు జగదీష్.

వంటింటి గుమ్మంలో సుమతి పళ్లెం తుడుస్తూ నిలబడి ఉంది. సోఫా మీద వర్ష బొటనవేలు ఫోను మీద కదలట్లేదు. రాధాకృష్ణకి కూతురి ముఖం కనపడలేదు, పాపిడి మాత్రమే కనపడింది. ఇన్నేళ్లలో ఏ సభలోనూ తడబడని మనిషి ఆ పాపిడిని చూసి తడబడ్డాడు.

"నేను పోశాను" అన్నాడు. "రోజూ పొద్దున నేను తాగగా మిగిలిన రాగిచెంబు నీళ్లు తెచ్చి ఇందులో పోశాను. నత్తలూ రొయ్యా పోయింది దానివల్లే. వర్ష వల్ల కాదు. అది వెలుతురు తగ్గించింది, అలా తగ్గించడమే కరెక్టని షాపువాడు కూడా చెప్పాడు. నేను మళ్లీ పెంచి, పైగా మీ అందరి ముందూ దాన్ని అన్నాను." ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకోటి. ఈ లైటు నేను చేశానని చెప్పాను మీకు. లైటు ఇద్దరం చేశాం. విషం నేనొక్కణ్ణే పోశాను."

శాంతి వర్ష పక్కన కూర్చుని ఆ పిల్ల వీపుమీద చెయ్యి వేసింది. జగదీష్ బుగ్గ గోక్కున్నాడు. "నేను సుత రోజూ రాగిచెంబుల నీళ్లే తాగుతున్న గదన్నా. మరి తాగొచ్చంటవా?"

"నువ్వు నత్తవి కాదు కదా" అంది సుమతి గుమ్మంలోంచి. నవ్వులు లేచాయి. గది మళ్లీ మామూలైంది.

జగదీష్ లైటు దగ్గరికి వంగి, రేకు సందులోంచి లోపలికి చూశాడు. "లోపల వైరింగ్ చానా నీట్‌గా ఉందన్నా. ఇన్నిటికీ కలిపి కరెంటిచ్చే డ్రైవర్ ఒక్కటే పెట్టిన్రా? సిరీస్‌లనా?"

జవాబు రాధాకృష్ణ నాలుక చివరిదాకా వచ్చింది. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనకొకటి, ఎందుకు పెట్టాలో, పక్కపక్కన పెడితే ఏమవుతుందో ఆయన అరగంట చెప్పగలడు. కుడిచెయ్యి అప్పటికే పైకి లేచింది కూడా. దాన్ని దించి వెనక్కి కట్టుకున్నాడు.

"వర్షనడుగు" అన్నాడు.

వర్ష లేచొచ్చింది. "సిరీస్ అంకుల్" అంది. లైటుని కొద్దిగా పక్కకి వంచి, లోపల మొదటి టంకం మీద వేలు పెట్టి, అక్కడినుంచి చెప్పడం మొదలుపెట్టింది. రాధాకృష్ణ రెండడుగులు వెనక్కి జరిగి, అందరి వెనకా నిలబడి విన్నాడు.